ఏనుగుబండ దగ్గర తలగుడ్డ

తూర్పుపాలెం,
జనవరి 19.

దర్శి ఉదయ నడక సంఘం కార్యదర్శి, రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు మొహిద్దీన్ బాషా గారికి,

నా పేరు వీరమ్మ. జయరావు భార్యని. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆధార్ కార్డులో నా వయసు డెబ్బై నాలుగు. అది రాసుకున్నాయన నా మొహం చూసి వేసిన అంచనా, నేనూ కాదనలేదు. ఇంట్లో నేను, ట్రాక్టరు తోలే నా కొడుకు ప్రభు, అంగన్‌వాడీలో పనిచేసే నా కోడలు షారోన్, ఒక గేదె. మిరపకోత ముఠాకి ముప్పై ఏళ్లుగా మేస్త్రీని. నా కింద పద్దెనిమిది మంది ఆడవాళ్లు. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే షారోన్ రాస్తోంది. చెప్పినదాన్ని మెత్తచేసి రాయనని ముందే మాట తీసుకున్నాను.

(తీసుకున్నారు. — షారోన్)

మీరు పంపిన కాగితం అందింది. రెండుసార్లు చదివించుకున్నాను. బోడికొండ నడకలో ఏనుగుబండ దగ్గర జరిగిన సంఘటన దృష్ట్యా డెబ్బై దాటిన సభ్యులు ఇకమీదట కొండ ఎక్కకూడదట, కింద వ్యాను దగ్గర భోజనం పాత్రలకు కాపలా ఉండవచ్చునట. మాస్టారూ, ఆ రోజు వచ్చిన ఇరవై రెండు మందిలో డెబ్బై దాటినదాన్ని నేనొక్కదాన్నే. సభ్యులు, సభ్యులు అని రాసే బదులు వీరమ్మ అని రాయడానికి మీ పెన్నుకేమైంది?

ఫోన్ చేసి మాట్లాడదాం అత్తయ్యా అంది షారోన్. వద్దన్నాను. కాగితం మీద వచ్చినదానికి కాగితం మీదే జవాబు. ఫోనులో అయితే నేను గట్టిగా మాట్లాడుతున్నానని మీరు పెట్టేస్తారు.

జరిగింది చెబుతాను. మా చర్చి స్త్రీల సమాజం వాళ్లం తొమ్మిది మందిమి, మీ సంఘం వాళ్లు పదమూడు మంది. పొద్దున ఏడింటికి వ్యాను మమ్మల్ని కొండ కింద దించింది. మీరు విజిల్ ఊదారు. వరుసగా నిలబెట్టి మా కాళ్లు చూశారు. నా దగ్గరకొచ్చి, "అమ్మా, ఈ హవాయి చెప్పులతో కొండ కష్టం" అన్నారు. "ఈ చెప్పులు మీ తెల్ల బూట్ల కన్నా ఎక్కువ నడిచాయి మాస్టారూ" అన్నాను. అందరూ నవ్వారు. మీరు నవ్వలేదు. అప్పటినుంచే నా మీద గుర్రుగా ఉన్నారని నాకు తెలుసు.

సగం పైన, ఏనుగుబండ దగ్గర, మీరు జారారు. మోచెయ్యి గీరుకుపోయింది. మొహమంతా చెమట. నేను తలగుడ్డ విప్పి ఇచ్చాను, తుడుచుకోమని. ముందురోజు అదే గుడ్డ కట్టుకుని కల్లంలో మిరప తాలుకాయలు ఏరాను. దులిపాను గాని ఉతకలేదు. మీరు రెండు కళ్లూ గట్టిగా తుడుచుకున్నారు. ఆ తర్వాత మీరు వేసిన కేక కింద వ్యాను డ్రైవరుకి వినపడిందట. నీళ్లతో నా చేత్తో కడిగాను. ఇంకా మండింది. అప్పుడు మజ్జిగ క్యాను ఎత్తి మీ మొహాన పోశాను. మంట తగ్గడానికి మజ్జిగ తప్ప మందు లేదు, ఈ చుట్టుపక్కల ఎవరినైనా అడగండి.

అందరం దిగిపోయాం. శిఖరం అక్కడికి ఎంతో దూరం లేదు. ఎవరికీ ఎముక విరగలేదు. ఎవరికీ జ్వరం రాలేదు. మరి నేను చేసిన నేరమేంటి? ఫిబ్రవరి రెండో శనివారం మళ్లీ ఎక్కుతున్నారని విన్నాను. నేనొస్తాను. ఆ కాగితం వెనక్కి తీసుకోండి.

వీరమ్మ వేలిముద్ర
సాక్షులు: జక్రయ్య, చర్చి గంట కొట్టేవాడు. సిద్దికా, ముఠాలో నా పక్క సాలు కోసే మనిషి.

దర్శి,
జనవరి 24.

శ్రీమతి వీరమ్మ గారికి,

నమస్కారం. మీ లేఖ అందినది. సంఘం తరఫున ఈ క్రింది విషయాలు తెలియజేయడమైనది.

మీ తలగుడ్డలో కారం ఉన్నదని తెలిసి కూడా ఇచ్చారని మేము అనడం లేదు. కానీ నడకకు వచ్చేటప్పుడు శుభ్రమైన వస్త్రం వెంట ఉండాలన్నది నియమావళిలో మూడవ నియమం. బయలుదేరే ముందు నేను చదివి వినిపించాను. మీరు ఆ సమయంలో పక్కవారితో మాట్లాడుతున్నారు. అటుపై ఇరవై రెండు మందికి ఉద్దేశించిన పన్నెండు లీటర్ల మజ్జిగ ఒక్కరి మొహం మీద పోయడం వలన మధ్యాహ్నం అందరూ పులిహోర నీళ్లతో తినవలసి వచ్చినది. బృందం శిఖరం చేరకుండానే వెనుదిరిగినది. సంఘం చరిత్రలో ఇది మొదటిసారి.

వయోపరిమితి నిర్ణయం సంఘానిది, నా వ్యక్తిగతం కాదు. ఇందులో మీ క్షేమమే ఉద్దేశం. భోజనం పాత్రల కాపలా కూడా గౌరవమైన బాధ్యతే. దయచేసి అర్థం చేసుకోగలరు.

ఇట్లు,
మొహిద్దీన్ బాషా,
కార్యదర్శి.

తా.క. మీ లేఖ చదివి మా ఇంటావిడ గుల్జార్ బేగం చాలాసేపు నవ్వినది. అది సంఘం అభిప్రాయంగా పరిగణించవద్దు.

తూర్పుపాలెం,
జనవరి 30.

మాస్టారికి,

వీరమ్మ చెప్పి రాయించేది. నా వయసు, ఇల్లు, వాకిలి మొన్నే చెప్పాను, అవేమీ మారలేదు. గేదె ఈనింది.

గుల్జార్ బేగం గారికి నా వందనాలు. ఆవిడని కార్యదర్శిగా పెట్టుకుంటే మీ సంఘం బాగుపడుతుంది.

సంఘానిది, నాది కాదు అని రాశారు. ఆ సంఘంలో నిర్ణయాలు చేసేదెవరో షారోన్ కనుక్కొచ్చింది. ప్రెసిడెంటు గారు బాపట్లలో కూతురి దగ్గరున్నారు. ట్రెజరరుకి మోకాలి ఆపరేషను. ఇక మిగిలింది మీరు, మీ రబ్బరు స్టాంపు. మీకిప్పుడు అరవై తొమ్మిది. ఇంకో ఏడాదికి మీరూ పాత్రల దగ్గరికే వస్తారు. గరిటె పట్టుకోవడం నేర్చుకోండి.

(ఈ మాట వద్దన్నాను. రాయమన్నారు. — షారోన్)

మజ్జిగ పన్నెండు లీటర్లు కాదు, ఎనిమిది. అది పట్టుకొచ్చింది నేను. మీ నియమావళిలో మజ్జిగ మాట ఎక్కడుందో చూపించండి.

ఇక తప్పు సంగతి. నా తప్పు ఉంది, ఒప్పుకుంటాను. గుడ్డ కన్నా చేతులది ఎక్కువ. కోతల నాలుగు నెలలూ మా చేతుల్లోంచి కారం పోదు. సబ్బు పెట్టి రుద్దినా పోదు. ఆ రోజుల్లో మా ముఠాలో తల్లులు పసిబిడ్డల్ని అరచేత్తో తాకరు, మోచేతుల మీద ఎత్తుకుంటారు. నా ప్రభుని అలాగే పెంచాను. నాకు కారం తెలియదు కాబట్టి అది ఎదుటివాళ్లకు తెలుస్తుందని మర్చిపోయాను. ఈ చేతులతో మీ కళ్లు కడగడం నా బుద్ధి తక్కువ. క్షమించమంటున్నాను. డెబ్బై నాలుగేళ్లలో నేనీ మాట అన్నది రెండోసారి. మొదటిది మా ఆయనతో.

కానీ ఏనుగుబండ దగ్గర అసలు ముందు ఏమైంది, మజ్జిగ పోశాక ఏమైంది అనేది మీకు తెలుసు, నాకు తెలుసు. ఈ ఉత్తరం రాసేది షారోన్. ఆమెకి తెలియదు. నాకు అక్షరం వస్తే ఒక కాగితం మీద రాసి మీ ఒక్కరికే పంపేదాన్ని. రాదు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. ఎవరితోనూ అనలేదు, అనను కూడా. మీరు కాగితం వెనక్కి తీసుకోకపోయినా అనను. అది మీరు గుర్తుపెట్టుకుంటే చాలు.

(నాకు నిజంగా తెలియదు మాస్టారూ. నాలుగు రోజులుగా అడుగుతున్నాను. చెప్పడం లేదు. — షారోన్)

ఇప్పుడు నేనెందుకు ఎక్కాలో చెబుతాను. వంగి పనిచేసేవాళ్లకి చేను కనపడదు మాస్టారూ. మొక్క కనపడుతుంది. దాని పక్క మొక్క కనపడుతుంది. సాలు అయిపోతే ఇంకో సాలు. పదకొండేళ్లప్పుడు మా అమ్మ నన్ను చేలో దింపింది. అప్పటినుంచి ఈ చుట్టూ ఉన్న మిరప, పత్తి నా చేతుల మీదుగా పోయింది గాని, మొత్తంగా అది ఎట్లా ఉంటుందో నేనెరగను. షారోన్ ఫోనులో విమానంలోంచి తీసిన పొలాల బొమ్మ చూపించింది. అది నా చేను కాదు. బోడికొండ మీదికి ఎక్కితే మా ఊరి కల్లాలన్నీ కనపడతాయని మేకలు కాసేవాళ్లు చెబుతారు. మార్చి దాటితే కల్లాలు ఎత్తేస్తారు, ఆరబోసిన మిరపకాయల ఎరుపు ఉండదు. వచ్చే ఏడు ఎక్కొచ్చుగా అంటాడు ప్రభు. వచ్చే ఏడు నా మోకాళ్లు నా మాట వింటాయని ఎవరు రాసిచ్చారు?

ఇంతే నా కేసు. మీ ఇష్టం.

వీరమ్మ వేలిముద్ర
సాక్షులు: వాళ్లే. జక్రయ్య ఈసారి కళ్లు తుడుచుకుంటూ సంతకం పెట్టాడు. జలుబట.

దర్శి,
ఫిబ్రవరి 4.

వీరమ్మ గారికి,

ఈ ఉత్తరం సంఘం కాగితం మీద రాయడం లేదు. దీన్ని షారోన్ గారు చదివి వినిపిస్తారని, పక్కన సిద్దికా గారూ జక్రయ్య గారూ కూర్చుని ఉంటారని తెలుసు. తెలిసే రాస్తున్నాను. గుల్జార్‌కి నిన్ననే చెప్పాను. ఆమె ఈసారి నవ్వలేదు. టీ పెట్టుకొచ్చి, "ఇది ఆవిడకి కూడా చెప్పండి" అంది.

షారోన్ గారూ, మీ అత్తగారు ఇన్ని రోజులుగా దాచింది ఇదీ.

ఏనుగుబండ దగ్గర నేను జారలేదు. బండ మలుపు తిరగగానే ఎడమపక్క లోయ కనిపించింది. మునుపు రెండుసార్లు ఆ కొండ ఎక్కానని అందరికీ చెప్పాను. ఆ రెండుసార్లూ బండ ఇవతలే ఆగి, మిగతావాళ్లను పైకి పంపి, వెనక ఎవరైనా వస్తారేమోనని కాపలా ఉన్నట్టు నటించాను. ఈసారి ముందు నడిచాను. లోయ చూశాక కాళ్లు కదల్లేదు. బండని పట్టుకుని కూలబడ్డాను. మోచెయ్యి గీరుకున్నది అప్పుడే. ఒంటినిండా చల్లటి చెమట. ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని గోడల మీద నిలబెట్టి, భయపడకురా, దూకు అని అరిచిన మనిషిని.

మొదట నా దగ్గరికి వచ్చింది మీరు. ఏమైందని అడగలేదు. వెనక వస్తున్నవాళ్లకి నేను కనపడకుండా అడ్డంగా నిలబడి, తలగుడ్డ విప్పి నా చేతిలో పెట్టారు. ఆ తర్వాతి సంగతి మీరు రాసిందే. కానీ ఒకటి మీరు రాయలేదు. మజ్జిగ పోసిన ఐదు నిమిషాలకే మంట తగ్గిపోయింది. మీరు వంగి నా చెవిలో, "తగ్గింది కదా మాస్టారూ, పోదామా" అన్నారు. నేను, "తగ్గలేదు" అన్నాను. మీరు నా మొహంలోకి చూశారు. ఆ చూపు నాకు రోజూ గుర్తొస్తోంది. తర్వాత లేచి అందరితో, "మాస్టారికి తగ్గలేదంట. తప్పు నాది. దిగుదాం పదండి" అన్నారు.

శిఖరం కనపడుతూ ఉంది అక్కడికి. మీరు దాని కోసం ఎంత ఆశపడి వచ్చారో మీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. తెలిసినా ఆ రోజు లేచేవాడినని చెప్పలేను.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా చెడ్డది. మీరు మళ్లీ వస్తే ఎప్పుడో ఒకప్పుడు చెబుతారేమోనని భయపడి ఆ నియమం పెట్టాను. సంఘం అడ్డుపెట్టుకున్నాను. ఆ కాగితం రద్దయింది. నిన్న రిజిస్టరులో కొట్టివేసి సంతకం చేశాను.

పద్నాలుగో తేదీన వ్యాను ఆరున్నరకి మీ చర్చి దగ్గరకొస్తుంది. ముందు నడవడానికి వేరేవాళ్లను ఏర్పాటు చేశాను. నేను కింద పాత్రల దగ్గర ఉంటాను. గరిటె పట్టుకోవడం గుల్జార్ నేర్పుతోంది.

బాషా.

తూర్పుపాలెం,
ఫిబ్రవరి 8.

బాషా మాస్టారికి,

షారోన్ చదువుతూ మధ్యలో ఆగిపోయింది. "చదువు" అన్నాను. అంతా అయ్యాక జక్రయ్య ఏమన్నాడో తెలుసా? చర్చి గంట బాగుచెయ్యడానికి ఒకసారి నిచ్చెన ఎక్కి, దిగలేక గంటసేపు పైనే ఉన్నాడట. కింద అందరూ ఆయన పాటలు పాడుతున్నాడనుకున్నారు. భయానికి పాడుతున్నాడు. ఇరవై ఏళ్లు దాచుకుని ఇప్పుడు చెప్పాడు. మీ ఉత్తరం వల్ల మా ఊళ్లో ఇంకెన్ని బయటపడతాయో.

మీరు చెప్పాల్సింది చెప్పారు, అయిపోయింది. కానీ పాత్రల దగ్గర కూర్చుంటానన్నారే, దానికి నేను ఒప్పుకోను. పాత్రలకి మూతలున్నాయి. మీరు వస్తున్నారు.

ఎట్లా అంటారా. మా ముఠాలోకి కొత్త పిల్ల వస్తే మొదటిరోజు సాలు చివరిదాకా చూసి కళ్లు తిరిగి కూర్చుంటుంది. నేను చెప్పేది ఒకటే. చివర చూడకు, పక్కన చూడకు, నా మడమలు చూస్తూ రా. సాయంత్రానికి సాలు అయిపోతుంది. మీకూ అదే. నేను ముందు నడుస్తాను. మీరు నా మడమలు చూడండి. పగుళ్లు తప్ప అక్కడ భయపడాల్సిందేమీ లేదు. ఏనుగుబండ మలుపులో లోయవైపు నేను నడుస్తాను, మీరు బండవైపు ఉండండి.

తలగుడ్డ నాలుగుసార్లు ఉతికించాను. ప్రభు కళ్ల మీద అద్ది చూశాం. వాడు అరవలేదు. కానీ నా చేతులు మాత్రం పట్టుకోవద్దు. పడబోతే నా మోచెయ్యి పట్టుకోండి.

ఆ రోజు నా ముఠా కొండ కింది చేలోనే కోతలో ఉంటుంది. నేను పైకెక్కాక తలగుడ్డ ఊపుతానని సిద్దికాతో చెప్పాను. "కనపడతావా అక్కా?" అంది. "నేను కనపడకపోతే ఇంకెవరు కనపడతారే" అన్నాను.

మజ్జిగ రెండు క్యాన్లు తెస్తున్నాను. ఒకటి తాగడానికి.

వీరమ్మ వేలిముద్ర

దర్శి,
ఫిబ్రవరి 16.

వీరమ్మక్కకి,

సంఘం రిజిస్టరులో శిఖరం చేరినవాళ్ల పేర్లు రాస్తాం. మొన్నటి పేజీలో ఇరవై మూడు పేర్లు రాశాను. పదిహేనోది మీది. పదహారోది నాది. నాది రాసేటప్పుడు చెయ్యి వణికింది, అక్షరం బాగా రాలేదు.

మీ మడమల గురించి ఇప్పుడు నాకు తెలిసినంత మీ కొడుక్కి కూడా తెలియదు. ఎడమ మడమకి మూడు పగుళ్లు, కుడిదానికి రెండు, చెప్పు పట్టీకి పసుపు దారంతో కుట్టు. ఏనుగుబండ మలుపులో ఆ పసుపు దారం తప్ప లోకంలో ఇంకేమీ లేదు నాకు. మధ్యలో మీరు నన్ను తిట్టారు. "ఏంటి మాస్టారూ, చీమలా నడుస్తారు, నా తర్వాత సాలు వాళ్లు వచ్చేస్తున్నారు" అన్నారు. ఆ తిట్టు లేకపోతే ఆగిపోయేవాడిని.

గుల్జార్ నన్ను అడిగింది, "పైనుంచి ఏం కనపడింది?" అని. అక్కడే చిక్కొచ్చింది. మీరు లేపి నిలబెడితే కళ్లు తెరిచాను. అర నిమిషం. ఎర్రగా ఏదో చాలా పెద్దగా ఉంది. మళ్లీ మూసుకుని కూర్చున్నాను. ఎక్కానే గాని చూశానని చెప్పలేను.

అందుకని ఈ అభ్యర్థన. మీరు చూసింది చూసినట్టు చెప్పి రాయించి పంపండి. రిజిస్టరులో అంటిస్తాను. ఇప్పటివరకు అందులో పేర్లే ఉన్నాయి, ఎవరు ఏమి చూశారో ఒక్క ముక్కా లేదు.

మీ తమ్ముడు,
బాషా.

తూర్పుపాలెం,
ఫిబ్రవరి 21.

దర్శి ఉదయ నడక సంఘం రిజిస్టరులో అంటించడానికి,

నా పేరు వీరమ్మ. జయరావు భార్యని. వయసు డెబ్బై నాలుగు, కొండ ఎక్కినప్పుడు ఇంకా తక్కువ. ఇంట్లో నేను, ప్రభు, షారోన్, గేదె, దూడ. ఫిబ్రవరి పద్నాలుగున, ఎండ నడినెత్తికి రాకముందే, నేను బోడికొండ శిఖరం ఎక్కాను. నా సొంత చెప్పులతో ఎక్కాను.

ముందు నాకేమీ అర్థం కాలేదు. అంతా ఎత్తుపల్లం లేకుండా చదునుగా ఉంది, ఎక్కడ మొదలుపెట్టి చూడాలో తెలియలేదు. తర్వాత ఎరుపు కనపడింది. కల్లాలు, ఒకదాని పక్కన ఒకటి, దర్శి వైపు కనుచూపు మేర. ఒక్కో కల్లంలో కాయలు పరచడానికి మాకు పూట పడుతుంది. పైనుంచి అరచెయ్యి చాపితే దాని కింద మూడు కల్లాలు పట్టాయి. నా చెయ్యి అంత పెద్దదని నాకు తెలియదు. మధ్యమధ్యలో పత్తిచేలు, ఏరగా మిగిలిన పత్తి అక్కడక్కడ తెల్లగా. కాలవ నేననుకున్నట్టు తిన్నగా లేదు, వంకర. మా చర్చి అగ్గిపెట్టె అంత ఉంది. మా గేదె కనపడలేదు.

ఈసారి నాతో ఎక్కిన షారోన్ని అడిగాను, ఇందులో నేను కోసింది ఎంత అని. ఆమె చాలాసేపు చూసి, "కనపడేదంతా ఎప్పుడో ఒకప్పుడు మీరు కోసిందే అత్తయ్యా" అంది. గాలి బాగా వీస్తోంది, కళ్లలో నీళ్లొచ్చాయి. కారం కాదు.

నీలం రేకుల పంపుషెడ్డు గుర్తుపట్టి మా చేను వెతికాను. ముఠా దొరికింది. సాలుకొక చుక్క. అందరూ వంగి ఉన్నారు. తలగుడ్డ విప్పి ఊపాను. ఎవరూ తల ఎత్తలేదు. మళ్లీ ఊపాను. ఎత్తరు. పని మధ్యలో తల ఎత్తితే ఊరుకోనని ముప్పై ఏళ్లు నేర్పింది నేనే కదా. నా మేస్త్రీతనం మీద నాకే కోపమొచ్చింది. మాస్టారు కళ్లు మూసుకునే ఉన్నారు. సంగతి చెప్పాను. ఆయన జేబులోంచి విజిల్ తీసి, కూర్చున్నచోటే, కళ్లు తెరవకుండానే ఊదారు. అంత గట్టి విజిల్ ఆ కొండ ఎప్పుడూ విని ఉండదు.

ఒక చుక్క నిలబడింది. సిద్దికా. తర్వాత ఇంకొకటి. తర్వాత పద్దెనిమిది మందీ నడుములెత్తి నిలబడ్డారు. నిలబడి తలగుడ్డలు విప్పి ఊపారు. నా ముఠా మొత్తం ఒకేసారి నిటారుగా నిలబడగా నేను చూడటం అదే మొదలు. ఎంత పొడుగున్నారో వాళ్లు.

అప్పుడు మాస్టార్ని రెక్కకింద మోచెయ్యి పెట్టి లేపాను. ఆయన అర నిమిషం చూశారు.

సోమవారం నుంచి మా చేలో కొత్త పద్ధతి పెట్టాను. ఎండ నడినెత్తికొచ్చాక ముఠా అంతా ఒకసారి నిలబడాలి. రైతు వచ్చి, "ఎందుకు నిలబడ్డారు వీరమ్మా?" అన్నాడు. "కొండ చూడటానికి" అన్నాను. ఆయనా కాసేపు చూసి వెళ్లిపోయాడు.

నేను చూసింది ఇదే. ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు.

బాషా తమ్ముడికి: కింద మూడో సాక్షి జాగా ఖాళీగా ఉంచాం. అర నిమిషం చూసినా సాక్షి సాక్షే. సంతకం పెట్టి అంటించండి. చెయ్యి వణికినా ఫరవాలేదు, నాది వేలిముద్రే.

వీరమ్మ వేలిముద్ర

సాక్షులు:
షారోన్, పైన పక్కన నిలబడి చూసింది.
సిద్దికా, కింద నుంచి చూసింది.
మొహిద్దీన్ బాషా, అర నిమిషం చూశాను.